సువార్తమ్మ తలపుకట్టు

నీడపల్లెలో ఆదివారం రెండుసార్లు వస్తుంది.

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, ఎండ మొహం ఎన్నడూ చూడని ఒక పెద్ద గుంట అంచున ఉంది ఆ ఊరు. కాగితాల మీద దాని పేరు వేరు. ఆ పేరు పలకడం ఎవరికీ చేతకాక మనవాళ్లు నీడపల్లె అన్నారు, అదే నిలబడిపోయింది. గుంట అడుగున మంచు తవ్వుతారు. ఆ మంచే ఊరికి నీళ్లు, ఊపిరి, ఓడలకు ఇంధనం. ఈ పని మీద గుంటూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబాలు ఓ నలభై ఉంటాయి. ఆ నలభై కుటుంబాలకూ సంఘాలు రెండు. ఒకరు స్థావరం గడియారం ప్రకారం ఆరాధన పెట్టుకుంటారు, రెండోవారు గుంటూరు టైము ప్రకారం. రెంటికీ తేడా ఐదున్నర గంటలు. ఆ కాస్త తేడాకే మాటలు పోయాయి, రాకపోకలు పోయాయి, ఒకరింటి పెళ్లికి ఇంకొకరు పోవడం కూడా పోయింది.

పోనిది పాస్టరు ఒక్కరే. రెండు సంఘాలకూ జయశీల్ గారే దిక్కు. అదే హాల్లో, అవే కుర్చీల ముందు, ఒకే ప్రసంగం రెండుసార్లు చెప్తారు. ఏది నిజమైన ఆదివారమని ఎవరైనా అడిగితే ఆయనకు వెంటనే దగ్గు వస్తుంది.

తలపుకట్టు పుట్టింది ఈ ఊళ్లోనే. కనిపెట్టింది డాక్టర్ ఇరావతి. మెదడు సంకేతాలు చదివే ఇంజినీరు ఆవిడ. ఏ ఆదివారంతోనూ పేచీ లేదు, ఏ ఆదివారమూ వెళ్లేది కాదు.

చంద్రుడి మీద బతికే ప్రతివాడికీ చెవి వెనక గోరంత బిళ్ల ఒకటి అతికిస్తారు. ఆకాశం నుంచి పడే రేడియేషన్ మెదడుకేమైనా హాని చేస్తోందా అని కనిపెట్టుకుని ఉండటం దాని పని. ఆ బిళ్లలు పంపే గీతల్ని ఏళ్ల తరబడి చూసిచూసి ఇరావతి ఒక సంగతి పట్టుకుంది. మనకు తెలిసిన మనిషిని మనసారా తలుచుకున్నప్పుడు మెదడులో ఒక ప్రత్యేకమైన అల్లిక కనిపిస్తుంది. అమ్మను తలుచుకుంటే ఒక అల్లిక, పక్కింటాయన్ని తలుచుకుంటే ఇంకొకటి. దానికి ఆమె ముఖముద్ర అని పేరు పెట్టింది. బయటి దేశాల పత్రికలు ఫేస్ సిగ్నేచర్ అని రాశాయి. ఊరికే పేరు పలికితే ఈ ముద్ర పడదు. ఆ మనిషి నడకో, గొంతో, చేతివంటో, విసుగో మనసులో కదిలితేనే పడుతుంది.

మిగతాది తీగల పని. ఊళ్లో ఒప్పుకున్న వాళ్లందరి బిళ్లల్నీ ఆనవాలు అనే కంప్యూటరుతో కలిపింది. ఎక్కడ ఎవరి మనసులో రోగి ముఖముద్ర పడ్డా ఆనవాలు పసిగడుతుంది, రోగి మణికట్టు మీదున్న పట్టీ వెచ్చబడుతుంది. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకున్నంత వేడి, అంతకు మించదు. ఎవరు తలుచుకున్నారన్నది మాత్రం రోగికి చెప్పకూడదని నియమం పెట్టింది. చెయ్యి పట్టుకునే మనిషి ఉంటే నొప్పి కొంత తగ్గుతుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. చెయ్యి అందనంత దూరంలో ఉన్నవాళ్ల కోసమే ఈ తలపుకట్టు.

దాన్ని మొదట కట్టింది సువార్తమ్మకు. ఊళ్లో సగం మందికి అక్షరాలు నేర్పిన టీచరు ఆవిడ. భర్త పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఎముకల్లో జబ్బు ముదిరి తుంటి దగ్గర కూర్చుంది. ఓడ ఎక్కించి భూమికి పంపుదామంటే ఆ కుదుపుకు ఎముక నిలవదు. మందు పెంచితే నొప్పి పోతుంది గానీ, దాంతోపాటు మనిషికి తెలివీ పోతుంది.

“మొద్దులా పడి ఉండి పోవడం నాకిష్టం లేదమ్మా” అంది ఇరావతితో. “ఉన్నన్నాళ్లు తెలివిగా ఉండాలి. ఎవరొచ్చారో, ఏం మాట్లాడారో తెలియాలి. అంతమాత్రం చూడు చాలు.”

తలపుకట్టు అంతకంటే ఎక్కువే చేసింది. నెల తిరక్కముందే మందు సగానికి తగ్గించారు. రోజూ తెల్లవారుజామున, ఊరంతా పడుకుని ఉన్న వేళ, పట్టీ వెచ్చబడి చాలాసేపు అలాగే ఉండేది. సువార్తమ్మ ఆ చేతిని గుండెల మీద పెట్టుకుని, “ఎవరో పుణ్యాత్ములు, నిద్ర మానుకుని నా కోసం మోకాళ్లూనుతున్నారు” అనేది.

ఈ మాట ఊళ్లో పాకింది. అది మా ఉపవాస ప్రార్థన ఫలితమని స్థావరం టైము వాళ్లు సాక్ష్యం చెప్పారు. కాదు, మాదేనని గుంటూరు టైము వాళ్లు చెప్పారు. ఇరావతికి కూడా లోపల్లోపల గర్వంగానే ఉంది. నివేదిక రాసేముందు, వేడి ఎక్కణ్నుంచి వస్తోందో ఒకసారి చూసుకుందామని ఆనవాలును తెరిచింది.

“ఆదివారం ఆరాధనలో సువార్తమ్మ గారి కోసం ప్రార్థించినప్పుడు ఎంత వేడి పుట్టింది?”

“దాదాపు ఏమీ పుట్టలేదు” అంది ఆనవాలు.

“ఏ ఆరాధనలో?”

“రెండింట్లోనూ. ఈ ఒక్క విషయంలో రెండు సంఘాలూ ఒకటే.”

ఇరావతి తీగలన్నీ మళ్లీ చూసుకుంది. తప్పేమీ లేదు. “హాలు నిండా జనం. కళ్లు మూసుకుని, గొంతెత్తి, కొందరు ఏడుస్తూ మరీ చేశారు. మనసులు ఎక్కడున్నాయి?”

“ఎవరి మనసు వారి దగ్గరే ఉంది. తుంటి నొప్పి అనగానే చాలామందిలో తమ ముద్రే పడింది. తర్వాత తమ పిల్లల ముద్రలు. చివర్లో ముద్రలేమీ లేవు, ఆకలి తాలూకు గుర్తులు మాత్రం ఉన్నాయి.”

ఇరావతికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, “నా సంగతేంటి? నేను రోజంతా ఆవిడ గురించే ఆలోచిస్తున్నాను” అంది.

“మీరు ఆలోచించేది తలపుకట్టు గురించి. ఆవిడ ముద్ర మీలో ఎప్పుడూ సరిగా పడలేదు.”

ఆ మాటకు ఆమె నవ్వు ఆగిపోయింది. “మరి తెల్లవారుజాము వేడి?” అని అడిగింది.

“అది ఒకే మనిషిది. కృపావరం గారిది.”

కృపావరం గుంటలో మంచు తవ్వకం పనికి పెద్ద. గుంటూరు టైము సంఘానికి కూడా పెద్దే. స్థావరం టైము సంఘంలో ఉన్న సువార్తమ్మకు భర్త సొంత తమ్ముడు. ఆ వదినా మరుదులు మాట్లాడుకుని ఆరేళ్లయిందని ఊరందరికీ తెలుసు. ఇంకొక సంగతీ అందరికీ తెలుసు. కృపావరానికి పని చేసే వయసు దాటిపోయింది, వచ్చే ఓడలో భూమికి వెళ్లిపోతున్నాడు, ఇక తిరిగి రాడు. భూమి మీది తలపులు పట్టే శక్తి ఆనవాలుకు లేదు. ఆ ఓడ కదిలిన మరునాడు సువార్తమ్మ చెయ్యి చల్లబడుతుంది. నొప్పి తిరిగొస్తుంది, మందు పెంచాలి, ఆవిడ భయపడ్డ ఆ మొద్దునిద్ర మొదలవుతుంది.

ఇరావతి ముందు పాస్టరు గారి దగ్గరికి వెళ్లింది. పేర్లు దాచి ఉన్నమాట చెప్పింది.

జయశీల్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. “అంటే మా ప్రార్థన దేవుడు వినలేదంటావా అమ్మా?”

“దేవుడి చెవి నా తీగల్లోకి రాదు అయ్యగారూ. మీ మనసులు ఆవిడ దాకా వెళ్లాయో లేదో, అంతవరకే దీనికి తెలుసు.”

“అంత తెలిస్తే చాల్లే” అన్నారాయన. తర్వాత నెమ్మదిగా అడిగారు. “ఆవిడకి నొప్పి ఏ వైపు?”

“ఎడమ వైపు.”

“నేను కుడి అనుకుంటున్నా, ఇన్నాళ్లూ.” ఆయన మొహం చిన్నబోయింది. మంచి మనిషి కాబట్టి అక్కడితో ఆగిపోలేదు. ఆ వారం నుంచి రెండు ఆరాధనల్లోనూ ప్రార్థన కుదించి, జనాన్ని ఇద్దరిద్దరుగా సువార్తమ్మ దగ్గరికి పంపారు. తల దువ్వమన్నారు, పక్క మార్చమన్నారు, ఆవిడ చెప్పే కబుర్లు వినమన్నారు. అలా వెళ్లొచ్చినవాళ్ల వల్ల పట్టీలో అప్పుడప్పుడూ కాస్త వేడి పుట్టసాగింది. తెల్లవారుజాము వేడి ముందు అది ఏ మూలకూ చాలదు. కొత్త చుట్టరికం కదా, కుదురుకోవడానికి నెలలు పడుతుంది. ఓడకు నెలలు లేవు.

ఇరావతి వెళ్లేసరికి కృపావరం సామాను సర్దుకుంటున్నాడు. ఆమె కూర్చుని తలపుకట్టు సంగతి మొదలుపెట్టి, ఆ వేడి ఎవరిదో చెప్పేసి, చేతులు జోడించింది. “మీరు రోజూ చేసే ఆ ప్రార్థనే ఆవిడని నిలబెడుతోందండీ. దయచేసి ఈ ఓడకి వెళ్లకండి.”

ఆయన చేతిలోని చొక్కా మడత పెట్టడం మర్చిపోయి ఆమెనే చూశాడు.

“ఏందమ్మా నువ్వనేది? నేనెక్కడ ప్రార్థన చేస్తున్నా?”

“తెల్లవారుజామున...”

“అది ప్రార్థన కాదమ్మా. పోట్లాట. నిద్ర పట్టక, లేచి కూర్చుని, ఆవిడతో మనసులో పోట్లాడుతుంటా. ఆవిడ ఒకటంటది, నేను రెండంటా. తెల్లారిందాకా అదే పని.”

ముఖముద్రకు ప్రేమా కోపమూ తెలియవు. మనిషి మనసు నిండా ఉన్నాడా లేడా, అంతే దాని లెక్క. ఆ సంగతి కనిపెట్టిన ఇరావతికే ఇన్నాళ్లూ తట్టలేదు.

“దేని గురించి పోట్లాట?” అని అడిగింది.

కృపావరం సామాను పక్కకు జరిపి కూర్చున్నాడు. “మా అన్న పోయినప్పుడు సమాధి కార్యక్రమం ఆదివారం పదింటికి అని కబురు పంపారు. ఏ పదింటికో చెప్పలా. నేను మా టైముకే వెళ్లా. సమాధుల గది తలుపులేసున్నాయి, మనిషి జాడ లేదు. కూర్చున్నా, నిలబడ్డా, ఎవరూ రాలా. నేను రాకూడదనే ముందురోజే కానిచ్చారనుకున్నా. గుంటలో ఏదో విరిగిందని పిలుపొస్తే దిగిపోయా. నేను పైకొచ్చేసరికి మా అన్న మీద మట్టి పడిపోయింది. పిడికెడు మట్టి వెయ్యలేకపోయానమ్మా సొంత అన్నకి.”

“ఈ మాట ఆవిడకి చెప్పారా?”

“ఆవిడ అడిగితేగా చెప్పేది. ఒక్కసారన్నా అడగలా. ప్రతి కూటంలోనూ లేచి, నా మరిది హృదయం మెత్తబరచు ప్రభువా అని ప్రార్థన చేస్తదంట.” ఆయన లేచి చొక్కా తీసుకున్నాడు. “నా తిట్లతో ఆవిడకి సుఖంగా ఉందని ఇప్పుడు చెప్పావుగా. ఇంక ఆవిడ్ని తలుచుకోను చూడు.”

తలుచుకోకూడదని ఆయన పంతం పట్టిన ఆ రోజంతా సువార్తమ్మ పట్టీ కాలుతూనే ఉంది. వేడి హద్దు దాటకుండా ఆనవాలు మాటిమాటికీ అడ్డుపడాల్సి వచ్చింది. మరునాడు మధ్యాహ్నం కృపావరమే ఆసుపత్రికి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

“దొంగ మంచితనం నాకొద్దు” అన్నాడు గుమ్మంలో ఇరావతితో. “పుణ్యాత్ములు ఎవరో అంటుందంట. ఉన్నదేదో నేనే చెప్పి ఓడెక్కుతా.”

సువార్తమ్మ మంచం మీద ఒరిగి ఉంది. మరిదిని చూసి కళ్లద్దాలు సర్దుకుంది. ఆయన నిలబడే చెప్పాడు. ఆ వేడి తనదేననీ, ప్రార్థన కాదనీ, ఆరేళ్ల కోపమనీ ఒక్క గుక్కలో చెప్పేసి, తల దించుకున్నాడు.

ఆవిడ మొహం ఏమాత్రం మారలేదు. టీచరు నవ్వు నవ్వింది. “అయితే దేవుడు నీ కోపాన్ని కూడా వాడుకున్నాడన్నమాట. నేను మాత్రం నిన్ను ఎప్పుడో క్షమించేశాను కృపావరం. రోజూ నీ పేరెత్తి ప్రార్థన చేస్తున్నాను, మా సంఘాన్ని అడుగు. కావాలంటే ఈ అమ్మాయిని నీ చేతికీ ఒకటి కట్టమను. నీకే తెలుస్తుంది.”

ఇరావతి తటపటాయించింది. కానీ ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. ఇంకో తలపుకట్టు తెచ్చి కృపావరం మణికట్టుకు కట్టింది.

సువార్తమ్మ కళ్లు మూసుకుని ప్రార్థించింది. చక్కటి గొంతు, చక్కటి మాటలు. మరిదికి మంచి మనసు ఇమ్మంది, ప్రయాణంలో తోడుండమంది, తనకు క్షమించే గుణం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది. ఆమేన్ అని కళ్లు తెరిచి, ధీమాగా చూసింది.

కృపావరం మణికట్టును రెండో చేత్తో తడుముకున్నాడు. “చల్లగా ఉంది వదినా.”

“సరిగా కట్టావా అమ్మాయ్?”

ఇరావతి కట్టు చూసింది, ఆనవాలును అడిగింది. ఆనవాలు అబద్ధం నేర్వలేదు. “ప్రార్థన జరిగినంతసేపూ సువార్తమ్మ గారిలో పడింది సువార్తమ్మ గారి ముద్రే” అంది.

గెలిచానని కృపావరం సంతోషిస్తాడనుకుంది ఇరావతి. ఆయన వదిన వైపు ఒక అడుగు వేశాడు.

“ఆరేళ్లు” అన్నాడు. “కనీసం తిట్టుకోను కూడా లేదా వదినా నన్ను?”

సువార్తమ్మకు సిగ్గేసింది. ఆవిడ బతుకులో అంత సిగ్గుపడ్డ రోజు లేదు. క్షమించానని చెప్పుకోవడం ఎంత సుఖంగా ఉండేదో, ఆ సుఖంలో ఈ మనిషి మొహం ఎప్పుడు చెరిగిపోయిందో ఆవిడకు కనబడింది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. పెట్టి, మరిదిని తేరిపార చూసింది. చూడగా చూడగా ఆవిడకు కోపం వచ్చింది. ఆరేళ్లూ రానివ్వని కోపం.

“తిట్టుకోక ఏం చెయ్యమంటావు? మీ అన్న ఆఖరి రోజుల్లో ఎవరు తలుపు తీసినా తమ్ముడొచ్చాడా అని తలెత్తేవాడు. వచ్చావా? టైము సంఘమంట, టైము సంఘం! పోనీ ఆఖరికి, మట్టి వేసే నాడు, నీ కోసం నేను మెడ తిప్పితిప్పి చూశాను. ఎందుకు రాలేదురా నువ్వు?”

కృపావరం ఉలిక్కిపడి చెయ్యి చూసుకున్నాడు. పట్టీ వెచ్చబడుతోంది.

“వచ్చాను వదినా. మీ అందరికంటే ముందే వచ్చాను” అన్నాడు. ఎన్నో తెల్లవారుజాముల్లో మనసులో చెప్పుకున్నదంతా ఇప్పుడు పైకి చెప్పాడు. మూసిన తలుపులు, ఖాళీ వరండా, గుంటలోంచి పిలుపు. ఆవిడ వింటూ వింటూ, “పదింటికి అంటే ఏ పదింటికని అడగొద్దా, బుద్ధి లేదా” అంది. “చెప్పడానికి మీకు నోరు లేదా” అన్నాడాయన. ఇద్దరి గొంతులూ లేచాయి. పట్టీలు రెండూ హద్దు దగ్గర కొట్టుకుంటున్నాయని ఆనవాలు హెచ్చరిక పంపింది. ఇరావతి హెచ్చరిక నోరు నొక్కేసింది. ఎవరి సాయమూ లేకుండా సువార్తమ్మ సగం లేచి కూర్చున్న సంగతి ఆ గోలలో ఆవిడకే తెలియలేదు.

అరిచి అరిచి ఇద్దరూ అలిసిపోయాక ఇద్దరూ ఏడ్చారు. కృపావరం మంచం పక్కన మోకాళ్లూనాడు. “ఈ ఓడకి పోను వదినా. ఇంకో ఓడ చూసుకుంటా. ఇప్పుడన్నా ప్రార్థన చెయ్యనా నీ కోసం?”

“చెయ్యి నాయనా.”

సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. “మహా ఘనుడవు మహోన్నతుడవునైన మా తండ్రీ, మమ్మును ఇంతవరకు కాచి కాపాడి, సజీవుల లెక్కలో ఉంచినందుకై నీకు స్తోత్రములు చెల్లించుచున్నాము. మంచము పట్టియున్న నీ దాసురాలిని నీ దివ్య సన్నిధిలో...”

“ఆపు” అంది సువార్తమ్మ.

“ఏమైంది?”

“చల్లారిపోయింది.” ఆవిడ చెయ్యి ముందుకు చాపి చూపించింది. “ఇందాకటి దాకా కాలింది. నువ్వు మహా ఘనుడవు అనగానే పోయింది. ఆ మాటలన్నీ తీసేసి చెప్పు.”

నలభై ఏళ్లుగా నోటికి వచ్చిన మాటల్ని పక్కన పెడితే ఏం మిగులుతుందో కృపావరానికే తెలియదు. చివరికి కళ్లు తెరిచే, వదిన వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“ప్రభువా, మా వదిన మొండి మనిషి. మా అన్నని ఏడిపించింది, నన్నూ ఏడిపించింది. ఎవరి మాటా వినదు, నీ మాటన్నా వింటదో లేదో నాకు తెలవదు. పడుకుంటే నొప్పంట, కూర్చుంటే నొప్పంట. అయినా మందెయ్యొద్దంటది, తెలివిగా ఉండాలంట. ఇట్టాంటి మనిషిని పెట్టుకుని మేమేం చెయ్యాలి? నాకింకా ఈవిడతో తేల్చుకోవాల్సింది చాలా ఉంది. అప్పుడే తీసుకుపోవాకు. నొప్పి తగ్గించు. తగ్గించటం నీకిష్టం లేకపోతే...”

ఆయన ఆగి వదిన చెయ్యి పట్టుకుని చూశాడు. “కాలుతోందా? ఆపనా?”

“ఆపకు” అంది సువార్తమ్మ.